మన ఉపాధ్యాయునికి అడ్డము ఎవరు?



మీ సంఘములోని యౌవనస్థుడొకడు కువైటుకో అమెరికాకో ఉద్యోగమునకు పోవుచున్నాడనుకొనుడి. వీసా రావలెనని తల్లి ఉపవాసముండును. అది వచ్చిన ఆదివారము ఇంటివారు కృతజ్ఞత కానుక చెల్లింతురు. అయ్యగారు అతని తలమీద చేతులుంచి ప్రార్థింతురు. సంఘమంతటికి భోజనములు పెట్టుదురు. ముసలి తల్లిదండ్రులను ఎవరు చూతురని ఆ దినమున ఎవరును అడుగరు. మన ఊరిలో పనిలేదా యని ఒక్కరును అనరు.

ఇక అదే సంఘములో, బడిలో పాఠములు చెప్పుకొను మరియొక యౌవనస్థుడు లేచి, "క్రీస్తు నామము వినని దేశమునకు వెళ్లవలెనని ప్రభువు నన్ను ప్రేరేపించుచున్నాడు" అని సాక్ష్యమిచ్చెననుకొనుడి. ఇంటిలో ఏడ్పు మొదలగును. పెద్దలు కూడుదురు. బంగారము వంటి ఉద్యోగము విడుచునా? చెల్లెలి పెండ్లి సంగతి ఏమి? మన ఊరిలో రక్షణ లేనివారు లేరా? పదిమంది పది ప్రశ్నలు వేయుదురు. జీతము కొరకు సముద్రము దాటువానికి దీవెన, ప్రభువు కొరకు దాటెదనన్నవానికి అడ్డము! ఇది న్యాయమా? మిమ్మును నొప్పించుటకు ఈ మాట వ్రాయుటలేదు. నేనును ఆ పెద్దల నడుమ కూర్చుండి ఆ ప్రశ్నలు వేసినవాడనే.

ఇట్టి పిలుపు పడుచువాని ఆవేశమని కొందరందురు. విలియం కేరీ యను బడిపంతులు నడచిన త్రోవ చూడుడి. ఆయన 1761లో ఇంగ్లండులోని పాలర్స్‌పురి యను పల్లెలో ఒక నేతగాని ఇంట పుట్టెను. చిన్నతనమున చెప్పులు కుట్టు పని నేర్చుకొనుటకు చేరెను. ఒక క్రిస్మసు పండుగకు ఒక వర్తకుడు ఆయనకు బహుమానముగా ఇచ్చిన షిల్లింగు చెల్లని నాణెమాయెను. దానిని యజమానుని సొమ్ములోనిదని చెప్పి తప్పించుకొనుటకు ఆ బాలుడు తెగించెను. ఈ ఒక్క అబద్ధము బయటపడకుండ కాపాడుమని త్రోవలో దేవునికి ప్రార్థన కూడ చేసెను! అయితే అది బయటపడెను. ఆ సిగ్గు ఆయనను విరుగగొట్టెను. తన నాణెమే కాదు, తన భక్తియు చెల్లనిదని ఆయనకు తెలిసివచ్చెను. తోడి పనివాడొకడు ఓర్పుతో ఆయనను ప్రభువునొద్దకు నడిపించెను. 1783 అక్టోబరు 5న నార్తాంప్టను పట్టణము నొద్ద నదిలో ఆయన బాప్తిస్మము పొందెను.

తరువాత మౌల్టను గ్రామములో బడి పెట్టి పిల్లలకు పాఠములు చెప్పెను. అక్కడి చిన్న సంఘమునకు కాపరియు ఆయెను. ఆ రాబడి చాలక మరల చెప్పులు కుట్టెను. కెప్టెను కుక్ చేసిన సముద్ర ప్రయాణముల వృత్తాంతము చదివెను. కాగితములు అతికించి పెద్ద ప్రపంచ పటము గీసి గోడకు తగిలించి, ఏ దేశములో ఎందరు మనుష్యులున్నారో, వారి మతమేమో దానిమీద వ్రాసికొనెను. చేతిలో తోలు, కన్నుల యెదుట లోకము! బాప్తిస్మము పొందిన పది సంవత్సరములకు గాని ఆయన ఓడ ఎక్కలేదు. ఇది ఒక్క రాత్రి ఆవేశమా?

"దూరదేశముల సంగతి దేవుడే చూచుకొనును, ప్రభువు ఆజ్ఞ అపొస్తలులకే" అను తలంపు ఆ దినములలో అనేక సంఘములలో బలముగా నుండెను. ఆ ఆజ్ఞ మనకును చెందునని కేరీ 1792లో ఒక చిన్న పుస్తకము వ్రాసి వాదించెను. ఆ యేడు అక్టోబరు 2న కెట్టరింగు పట్టణములో ఒక విధవరాలి ఇంట కొద్దిమంది కూడి మిషనరీ సంఘమును స్థాపించిరి. ఆనాడు వారు వ్రాసియిచ్చిన చందా మొత్తము 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు మాత్రమే. వారిలో ఎక్కువమంది పేద సంఘముల కాపరులు. అప్పటికి కేరీ లెస్టరు పట్టణ సంఘమునకు కాపరిగా ఉండెను. మంచి కాపరిని పోగొట్టుకొనుటకు ఆ సంఘస్థులు దుఃఖించిరి. అయినను, ప్రభువు రాజ్యము వ్యాపింపవలెనని ఇంతకాలము ప్రార్థించితిమి, ఇప్పుడు ఆయన మననే మొదటి త్యాగము అడుగుచున్నాడని ఒప్పుకొని ఆయనను పంపిరి. మనమును అదే ప్రార్థన ప్రతి ఆదివారము చేయుచున్నాము గదా! జవాబు మన ఇంటి గడప తొక్కిన దినమున తలుపు వేయుట ఎట్టి భక్తి?

"అది దొరల పని, ధనికుల పని" అని మరికొందరందురు. అట్లనకుడి. 1860 మొదలుకొని మన తెలుగువారు అనేకులు దక్షిణ ఆఫ్రికాలోని నేటాలునకు ఒప్పందపు కూలీలుగా పోయి, చెరకు తోటలలోను తేయాకు తోటలలోను కష్టపడిరి. వారికి వాక్యము చెప్పుటకు 1903లో తెలుగు బాప్టిస్టు సంఘములు జాన్ రంగయ్యగారిని పంపెను. ఆయన భార్యాబిడ్డలతో వెళ్లి, అక్కడ సంఘములు కట్టి, 1915లో ఆ దేశమందే ప్రభువునందు నిద్రించెను. ఆయనను పంపినవారు దొరలు కారు, మన తాతల సంఘములే. అదే 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, మన డోర్నకల్లు ప్రాంతమునకు పనివారిని పంపిరి. తాతలు చేయగలిగినది మనుమలకు అసాధ్యమా?

"మన ఊరిలోనే పని ఉన్నది" అందురా? ఉన్నది, నిజమే. అపొస్తలుల కార్యములు పదుమూడవ అధ్యాయము తెరచి చూడుడి. అంతియొకయలో ప్రవక్తలును బోధకులును ఉండిరి. పరిశుద్ధాత్మ అడిగినది పనికిరానివారిని కాదు, బర్నబాను సౌలును అడిగెను. ఊరంతయు మారిన తరువాత పంపుదుమని ఆ సంఘము చెప్పెనా? ఉపవాసముండి, చేతులుంచి, వారిని పంపెను.

అయితే యౌవనస్థుడా, నీతోను ఒక మాట. విమానము మీది మోజు వేరు, ప్రభువు పిలుపు వేరు. ప్రక్క పేటలో నోరు తెరువనివాడు పరదేశములో తెరువడు. నీ ఇంటివారిని త్రొక్కి పోవలదు. కేరీ చరిత్రలో మనము దాచిపెట్టు పుట యొకటి కలదు. ఆయన భార్య డొరొతీ మొదట రాననెను, చివరి గడియలో చంటిబిడ్డతో బయలుదేరెను. ఈ దేశమునకు వచ్చిన మరుసటి యేడు, 1794లో, వారి అయిదేండ్ల కుమారుడు పీటరు చనిపోయెను. తరువాత ఆమె మతి చలించి, ఎన్నో ఏండ్లు బాధపడి 1807లో మరణించెను. ఆమె కన్నీటిని లెక్కింపక కేరీని పొగడువారు సగము చరిత్రయే చెప్పుచున్నారు. కావున భార్య మనసు తెలిసికొనకుండ, తల్లిదండ్రుల పోషణకు త్రోవ చూపకుండ ఎవనిని పంపకూడదు. కాని ఆ త్రోవ చూపవలసినది ఎవరు? వాని నొక్కనినే అడిగి చేతులు కడుగుకొనుట పెద్దల ధర్మము కాదు. పంపు సంఘమే వాని తల్లికి కుమారుడు కావలెను.

ఆ బడిపంతులు బెంగాలులోని శ్రీరాంపురములో నుండి మన భాషకును సేవ చేసెను. 1814లో ఆయన తెలుగు వ్యాకరణము అచ్చాయెను. 1818లో శ్రీరాంపురము ముద్రాలయము నుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. మౌల్టను పెద్దలు, లెస్టరు పెద్దలు ఆయనను ఆపియుండిన ఈ పనికి ఆయన చేయి దొరకెడిది కాదు. నేడు మీరు ఆపుచున్న ఉపాధ్యాయుని కొరకు ఏ దేశములో ఏ పల్లె కనిపెట్టుకొని యున్నదో!

కావున వచ్చు కమిటీ కూటములో ఈ పని చేయుడి. అట్టివాడు మీలో ఉన్నయెడల ముందు ప్రక్క పేటలో ఒక సంవత్సరము వాక్యము చెప్పనిచ్చి శోధించుడి. అతని పిలుపు నిలిచినయెడల, అతని తల్లిదండ్రుల భారము సంఘము వహించునని మినిట్సు పుస్తకములో వ్రాసి సంతకములు చేయుడి. తల్లులారా, ఎసటిలో బియ్యము పోయునపుడు తీసియుంచు పిడికెడు బియ్యములో అతని పేరిట ఒక పాలు వేరుపరచుడి. అటు పిమ్మట చేతులుంచి పంపుడి.

పుచ్చుకొనుట మాత్రమే ఎరిగిన సంఘము ఎంత పాతదైనను ఇంకను చంటిబిడ్డయే. ఇచ్చిన దినముననే అది పెద్దదగును. కోత యజమానుడు మన కన్నులు తెరచి, మన గుప్పిళ్లు విప్పును గాక. ఆమేన్.