జీతాల పట్టీలో లేనివాళ్లూ కార్మికులే

బొగ్గు కరెంటుకు రోజులు దగ్గరపడ్డాయన్న మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. ఆ మాటతో నాకు పేచీ లేదు. దాని వెంట వస్తున్న రెండో మాటతోనే పేచీ. థర్మల్ కేంద్రం మూతపడితే ఎవరి పనీ పోదట. పర్మినెంట్ ఉద్యోగులను ఇంకో కేంద్రానికి బదిలీ చేస్తారట, మిగతావాళ్లకు సౌర విద్యుత్తు అంతకు మించిన పని చూపిస్తుందట. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం ఏకంగా 7.5 లక్షల ఉద్యోగాలంటోంది. ఈ ధీమా తప్పు. తప్పని చెప్పడానికి సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది.

శ్రీకాళహస్తి దగ్గర మన్నవరంలో 2010 సెప్టెంబరు 1న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఎన్టీపీసీ, బీహెచ్ఈఎల్ ఉమ్మడి కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. థర్మల్ కేంద్రాల్లో బొగ్గునూ బూడిదనూ తరలించే యంత్రాల వంటి సామగ్రి అక్కడ తయారు కావాలి. 6 వేల కోట్ల పెట్టుబడి అన్నారు, వేలమందికి ఉద్యోగాలన్నారు. ఇంతలో దేశంలో కొత్త థర్మల్ కేంద్రాల ఆర్డర్లు పలచబడ్డాయి. అనుకున్న కర్మాగారం కొద్దిపాటి ఉత్పత్తి దగ్గరే ఆగింది. చివరికి ఆ ఉమ్మడి సంస్థనే ఎత్తేయాలని నిర్ణయించారు. రాని ఉద్యోగానికి పరిహారం లేదు, ఎన్ని రాలేదో లెక్క కూడా లేదు. పెద్ద థర్మల్ కేంద్రమంటూ ఒక్కటీ లేని పాత చిత్తూరు జిల్లాకే బొగ్గు వెనకబాటు దెబ్బ ఇలా తగిలితే, కేంద్రం ఉన్న ఊళ్ల సంగతేమిటి?

మన సీమలో ఆ ఊళ్లు కడప జిల్లా ముద్దనూరు, ఎర్రగుంట్ల మధ్య ఉన్నాయి. అక్కడి రాయలసీమ థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1994లో మొదలైంది. ఇప్పుడు ఆరు యూనిట్లు, 1,650 మెగావాట్లు. అది ఇంకా మూతపడలేదు. కానీ తొలి యూనిట్లకు ముప్పై ఏళ్లు నిండాయి. దాన్ని నడిపే జెన్‌కో జీతాల పట్టీ తీసి చూస్తే కనబడేది ఇంజనీర్లు, ఆపరేటర్లు, గుమాస్తాలు. వ్యాగన్ల దగ్గర బొగ్గు దించేవాళ్లు, కన్వేయర్ బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తేవాళ్లు, బాయిలర్ ఓవర్‌హాలుకు వచ్చే వెల్డర్లు, గేటు బయట హోటల్ నడిపే ఇల్లాలు ఆ పట్టీలో ఉండరు. బూడిద లారీల వాళ్లూ ఉండరు. ఆ బూడిద సిమెంటు ఫ్యాక్టరీలకు వెళుతుంది. 2024 నవంబరులో ఆ రవాణా హక్కు కోసం రెండు నియోజకవర్గాల నాయకులు రోడ్డుకెక్కి కొట్లాడుకున్నంత పని చేశారు. బూడిదకే అంత పోటీ ఉందంటే, దాని చుట్టూ ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో ఊహించుకోవచ్చు.

తెలంగాణలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రాన్ని చూడండి, ఎవరూ రోడ్డున పడలేదు కదా అంటారు. పాల్వంచలోని ఆ 720 మెగావాట్ల పాత కేంద్రాన్ని 2020 నాటికి ఆపేశారు, 2024 ఆగస్టులో కూలింగ్ టవర్లనూ కూల్చేశారు. నిజమే. అయితే ఆ ఆవరణ పక్కనే 2018లో 800 మెగావాట్ల కొత్త యూనిట్ వచ్చింది. అంతకన్నా ముఖ్యం, తెలంగాణ విద్యుత్ సంస్థలు 2017లోనే వేలాది కాంట్రాక్టు కార్మికులను ఆర్టిజన్లుగా తమ పట్టీలోకి తీసుకున్నాయి. పట్టీలో పేరున్నవాడికి ఇంకో చోటు చూపే బాధ్యత సంస్థ మీద పడుతుంది. మన రాష్ట్రంలో ఆ కార్మికుడు ఇంకా కాంట్రాక్టరు మనిషే. కాంట్రాక్టరు మారితే అతని సర్వీసు మళ్లీ మొదటికొస్తుంది. కేంద్రం మూతపడిన రోజు అతన్ని ఎవరూ తొలగించరు, గేటు పాసు మాత్రం రెన్యూ కాదు. అందుకే ఒక్క ఉద్యోగమూ పోలేదని ప్రకటించడం అంత తేలిక.

ఇక సౌర విద్యుత్తు. గాలివీడు, నంబులపూలకుంట పార్కులు కడుతున్నప్పుడు పని ఉంది. కట్టడం పూర్తయ్యాక మిగిలేది ఫలకాలు కడిగేవాళ్లు, కాపలాదారులు, కొద్దిమంది సాంకేతిక సిబ్బంది. భూమి కౌలు భూమి ఉన్నవాడికి అందుతుంది, ఆ భూమిలో కూలికి పోయినవాడికి కాదు. ఎర్రగుంట్ల వెల్డరుకు గాలివీడులో పని దొరుకుతుందని రాసిచ్చినవాళ్లూ లేరు. రాష్ట్రం మొత్తం మీద వచ్చే ఉద్యోగాల సంఖ్య చూపించి ఒక మండలంలో పోయే పనిని కొట్టేయడం లెక్క కాదు, కనికట్టు.

అయితే బొగ్గు పొగ కలకాలం ఉండాలంటావా అని అడగవచ్చు. అనను. ఆ దుమ్ము పీల్చేది, బూడిద చెరువు పక్కన సేద్యం చేసేది కూడా ఈ పేదలే. మూసివేతను ఆపమని కాదు నా వాదన, దాని ఖర్చు పూర్తిగా లెక్కగట్టమని. జర్మనీ 2038 లోగా బొగ్గు మానాలని 2020లో చట్టం చేస్తూ బొగ్గు ప్రాంతాలకు 40 బిలియన్ యూరోల దాకా కేటాయించింది. అంత డబ్బు మన దగ్గర లేదన్న మాట వాస్తవం. జార్ఖండ్ దగ్గరా లేదు, అయినా ఈ మార్పును ఎదుర్కోవడానికి 2022లోనే టాస్క్‌ఫోర్స్ వేసుకుంది.

2030 లోపు థర్మల్ యూనిట్లను మూయవద్దని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో సూచించింది. ఆ గడువును నిద్రకు కాదు, సన్నాహానికి వాడుకోవాలి. గేటు పాసు ఉన్న ప్రతి మనిషి పేరూ, లారీ, హోటలుతో సహా కేంద్రం మీద బతికే ప్రతి పనీ నమోదు చేయాలి. యూనిట్ ఆపే తేదీని కనీసం అయిదేళ్ల ముందే ప్రకటించాలి. స్విచ్‌యార్డూ నీళ్లూ భూమీ అక్కడే ఉన్నాయి కాబట్టి సౌర, బ్యాటరీ ప్రాజెక్టులను ఆ ఆవరణలోనే పెట్టి, పాతవాళ్లకు శిక్షణతో పాటు తొలి హక్కు ఇవ్వాలి.

మన్నవరంలో హామీ ఇచ్చినవాళ్లను ఎవరూ లెక్క అడగలేదు. ముద్దనూరు విషయంలో ఇప్పుడే అడగాలి. మన సీమకు కరెంటు పంచే డిస్కం ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఆ కరెంటు ముప్పై ఏళ్లుగా వాడుకున్న మనకు అడిగే హక్కే కాదు, అడగాల్సిన బాధ్యత కూడా ఉంది.