తిరిగే హక్కు

"తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు" అనే సామెత వినకుండా పెరిగినవాళ్ళు మనలో ఎవరూ ఉండరు. 2024 అక్టోబరులో ఇంగ్లండులోని ఒక కొండమీద మోకాలిదాకా బురదలో దిగబడి నిలబడ్డప్పుడు నాకు ఆ సామెతే గుర్తొచ్చింది.

పరిశోధన పనిమీద మాంచెస్టర్ వెళ్ళాను. అక్కడి స్త్రీల బృందం ఒకటి నెలకొక ఆదివారం నడకకు పోతుంది, నన్నూ రమ్మన్నారు. పెన్నైన్ వే అనే ఆ కాలిబాట ఈడేల్ గ్రామం దగ్గర మొదలై, స్కాట్లండ్ సరిహద్దు దాటేదాకా 268 మైళ్ళు సాగుతుంది. పదకొండుమందిమి ఒక్కరోజు దూరం మాత్రం నడిచాం. నాచు కుళ్ళి వేల ఏళ్ళుగా పేరుకున్న నల్లమట్టి నేల అది. వానపడితే మన వరిమడి లాగే కాలు లాగేస్తుంది. మా పల్లెలో నాట్లేసే అమ్మలక్కలను చూస్తూ పెరిగినదాన్ని, బురద నాకు కొత్త కాదు. ఆడవాళ్ళు ఏ పనీ లేకుండా, ఖాళీ చేతులతో, నవ్వుకుంటూ బురదలో నడవడమే కొత్త.

ఈ నడక ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. మేం ఎక్కిన కిండర్ స్కౌట్ కొండ ఒకప్పుడు ఒక ప్రభువు పిట్టల వేటకోసం కాపలా పెట్టుకున్న భూమి. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ ప్రాంతాల యువ కార్మికులు వందలమంది కలిసి ఆ నిషేధాన్ని ధిక్కరించి కొండెక్కారు. కాపలాదార్లతో జరిగిన పెనుగులాట తర్వాత ఐదుగురు జైలు పాలయ్యారు. 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది, 1965లో ఈ కాలిబాట తెరిచారు. గుర్తించిన కొండల్లో, బీళ్ళలో బాట వదిలి కూడా నడిచే హక్కును 2000లో వచ్చిన చట్టం ఇచ్చింది. అక్కడ దాన్ని వాడుకలో 'తిరిగే హక్కు' అనే అంటారు.

బాగా దిగబడే చోట్ల బాటపొడుగునా రాతిపలకలు పరిచారు. వాటిలో చాలా పలకలు మూతపడ్డ బట్టల మిల్లుల నేలల నుంచి తెచ్చినవి. మన నేతగాళ్ళ నోట మట్టికొట్టిన బట్ట తయారైంది ఆ ప్రాంతపు మిల్లుల్లోనే. అక్కడ రోజంతా నిలబడి పనిచేసినవాళ్ళలో స్త్రీలు ఎక్కువ. మా బృందంలో ఒక పెద్దావిడ ఉంది. ఆమె తల్లి ఓల్డ్‌హామ్ మిల్లులో పనిచేసిందట. "మా అమ్మ ఇలాంటి రాళ్ళమీద నిలబడింది. నేను నడుస్తున్నాను" అందావిడ.

అయితే చట్టంలో హక్కు ఉంటే కాళ్ళకు హక్కు వచ్చినట్టేనా? మాతో బయల్దేరిన ఒక గుజరాతీ యువతి గంటలోపే వెనక్కి వెళ్ళిపోయింది. నెలసరి రోజులు, దారిలో ఎక్కడా మరుగుదొడ్డి లేదు. తోడుగా ఇంకొకరు దిగి వెళ్ళారు. బురదలో ఆగే బూట్లు ఖరీదైనవి కాబట్టి బృందమే కొన్ని జతలు కొని అందరికీ ఇస్తోంది. వెనకబడ్డవాళ్ళ వేగమే అందరి వేగం అన్నది వాళ్ళ నియమం. పిల్లల్ని ఎవరు చూస్తారన్నది మాత్రం ఇంకా ఎవరికివారు తేల్చుకోవాల్సిందే.

మన సంగతికొద్దాం. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. వెంటనే మొదలైన గొణుగుడు మనందరం విన్నాం: "పనీపాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు." దీనికి మనం ఏమని జవాబిస్తున్నాం? "కాదండీ, కూలికి పోతున్నారు, ఆస్పత్రికి పోతున్నారు, కాలేజీకి పోతున్నారు" అంటున్నాం. నేనూ సభల్లో అదే చెప్పాను. అదంతా నిజమే. కానీ అలా చెప్పి, పనుంటేనే ఆడది గడప దాటాలన్న షరతును మనమే ఒప్పేసుకుంటున్నాం.

మన కార్యకర్తే ఒకామె నన్నడిగింది: "మన ఆడవాళ్ళు నీళ్ళకీ కట్టెలకీ నడవలేక చస్తుంటే ఈ సరదా నడకలేమిటక్కా?" న్యాయమైన ప్రశ్నే. నీళ్ళ కుళాయి ముందు రావాలి, కూలి పెరగాలి. కానీ నెత్తిన బిందెతో నడిచిన దూరం ఆమెది కాదు, ఇంటిది. తనదంటూ ఒక పూట, తనకు నచ్చిన దారి ఆమెకు ఎప్పుడిస్తాం? ఆకలి తీరాకే విరామం అంటే, పేద స్త్రీకి అది ఏనాటికీ రాదు. కిండర్ ఎక్కినవాళ్ళూ ఆరు రోజులు చాకిరీ చేసినవాళ్ళే.

కాబట్టి నా సూచన చిన్నదే. శిక్షణలూ సర్వేలూ కాకుండా, సంఘ సభ్యులు ఊరికే కలిసి తిరిగే రోజొకటి మన కార్యక్రమాల్లో ఉండాలి. ఆ రోజు ఇంటి పని, పిల్లల బాధ్యత మగవాళ్ళు తీసుకోవాలని ముందే అడగాలి. బస్టాండుల్లో, గుట్టల దగ్గర, చెరువుగట్ల మీద వాడుకోదగ్గ మరుగుదొడ్లు కావాలని అర్జీ పెట్టాలి. ఎందుకు తిరుగుతున్నారని ఎవరైనా అడిగితే కారణం వెతుక్కోవద్దు. మన భాషలో తిరుగుబోతు, తిరుగుబాటు ఒక్క ధాతువు నుంచే పుట్టాయి. మొదటి మాటకు భయపడినంతకాలం రెండోది మన నోట పూర్తిగా పలకదు.