ఆక్సిజన్‌ఓఎస్ గొడవలో మనకి దక్కింది పేరొక్కటే

ఆక్సిజన్‌ఓఎస్‌ని కలర్‌ఓఎస్‌లో కలిపేస్తున్నారని 2021లో వన్‌ప్లస్ ఫ్యాన్స్ చేసిన రచ్చ గుర్తుందా? కంపెనీ వెనక్కి తగ్గింది, యూజర్లు గెలిచారు అని ఇప్పటికీ చెప్పుకుంటాం. నాకైతే అలా అనిపించదు.

జరిగింది ఇదీ. 2021 జూలైలో రెండు ఓఎస్‌ల కోడ్‌బేస్ ఒకటి చేస్తున్నామని వన్‌ప్లస్ చెప్పింది. సెప్టెంబర్‌లో పీట్ లౌ ఇంకో అడుగు ముందుకేసి, 2022లో రెండింటి బదులు ఒకే ఓఎస్ వస్తుందన్నారు. డిసెంబర్‌లో వన్‌ప్లస్ 9 సిరీస్‌కి ఆక్సిజన్‌ఓఎస్ 12 వదిలితే, బగ్స్ దెబ్బకి కొన్ని రోజుల్లోనే ఆపేయాల్సి వచ్చింది. ఇక చూస్కోండి, "ఇది వన్‌ప్లస్సా, ఒప్పోనా?" అని ఎక్కడ చూసినా అదే గోల. 2022 ఫిబ్రవరిలో ప్లాన్ మారింది. ఆక్సిజన్‌ఓఎస్ విడిగానే ఉంటుందన్నారు. ఫ్యాన్స్‌కి పండగే.

కానీ అదే ఏడాది వచ్చిన ఆక్సిజన్‌ఓఎస్ 13 సంగతి చూడండి. కింద ఉన్నది కలర్‌ఓఎస్‌తో పంచుకున్న కోడే. పైన డిజైన్ పేరు కూడా రెండింటికీ ఒకటే, ఆక్వామార్ఫిక్. మనం "మా ఆక్సిజన్ మాకివ్వండి" అన్నాం, వాళ్లు ఆ పేరు మనకిచ్చేశారు.

కోపం రావడం సహజమే. వన్‌ప్లస్ మొదటి ఫోన్ సైనోజెన్‌తో వచ్చింది. ఇండియాలో సైనోజెన్ హక్కులు మైక్రోమ్యాక్స్ యూ బ్రాండ్‌కి వెళ్లిపోవడంతో 2015లో వన్‌ప్లస్ సొంతంగా ఆక్సిజన్‌ఓఎస్ తెచ్చుకుంది. అప్పట్నుంచీ వాడుతున్నోళ్లకి అది సొంతింటి లెక్క.

అయితే ఇదే కంపెనీ 2020లో 'ఐడియాస్' పేరుతో యూజర్ల సలహాలు అడిగింది. జనం ఆల్వేస్-ఆన్ డిస్‌ప్లే కావాలన్నారు. ఆక్సిజన్‌ఓఎస్ 11లో అది వచ్చేసింది. వచ్చిందా లేదా అన్నది ఫోన్ చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. "పాత ఫీల్" వచ్చిందో లేదో ఎట్లా చెక్ చేస్తాం?

మా రెజిమెంటల్ బజార్‌లో ఫోన్ అంటే ఈఎంఐ. కిస్తీలు అయిపోయాక కూడా రెండు మూడేళ్లు నడవాలి. ఇక్కడ నన్ను ఎవరూ కలర్‌ఓఎస్ గురించి అడగరు. "అన్నా, గిది ఎన్నేండ్లు వస్తది? అప్‌డేట్ కొట్టాల్నా, వద్దా?" ఇంతే.

ఆ ప్రశ్నకి జవాబు 2021 జూలై ప్రకటనలోనే ఉంది. 8 సిరీస్ నుంచి ఫ్లాగ్‌షిప్‌లకి 3 ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, 4 ఏళ్ల సెక్యూరిటీ. కోడ్ కలపడం వల్ల వచ్చిన లాభం అది, ఒప్పుకోవాలి. నార్డ్, నార్డ్ సీఈలకి మాత్రం 2 అప్‌డేట్లు, 3 ఏళ్లే. మా గల్లీల్లో ఎక్కువ కనిపించేది నార్డే. కోడ్ ఒకటే అయినప్పుడు నార్డ్‌కి ఒక ఏడాది ఎందుకు తగ్గింది? ఐకాన్లు ఒప్పోలా ఉన్నాయని పెట్టిన పోస్టులు లెక్కలేనన్ని చూశాను. ఈ ప్రశ్న మీద అంత గట్టిగా ఎవరూ మాట్లాడింది చూడలేదు. 2019లో హైదరాబాద్‌లోనే ఆర్ అండ్ డీ సెంటర్ తెరిచి, మూడేళ్లలో 1,000 కోట్లు పెడతామన్న కంపెనీ ఇది. అడగాలంటే మరీ దూరమేం కాదు.

2022 నవంబర్‌లో మళ్లీ కొత్త మాట చెప్పారు: 2023 నుంచి 4 ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, 5 ఏళ్ల సెక్యూరిటీ. మంచిదే. కాకపోతే, "ఎంపిక చేసిన ఫోన్లకి" మాత్రమే.