సగటు ఎవరి కంచంలో పడింది?

దేశాల మధ్య తేడా తగ్గుతా ఉందని పెద్ద చదువులోళ్లు లెక్క తీశారు. అబద్ధం కాదు. బాగా ధనిక దేశాల సగటు ఆదాయం ఒకప్పుడు పేద దేశాల సగటుకు 50 రెట్లు ఉండేది, 2020 నాటికి 40కి లోపు దిగింది. చైనా, ఇండియా పైకి లేచినందువల్లనే ముఖ్యంగా ఇది జరిగింది. మంచిదే.

మరి ఆ లేచిన ఇండియాలో మన మాలమాదిగ వాడలు ఎంత లేచినాయి? ఆసామికి తొమ్మిది వేల తొమ్మిది వందలు, కూలికి నూరు వస్తే ఇద్దరి సగటు అయిదు వేలు. కూలోడు కూడా అయిదు వేల మనిషేనంట! సగటు చేసే గారడీ ఇదే. 1982లో దేశాదాయం నూరు రూపాయలైతే, పైనుండే నూటికి ఒక్కరు 6 రూపాయలు తీసుకున్నారు. 2022-23లో 22 రూపాయల 60 పైసలు. కింది యాభై మందికీ కలిపి 15. తలసరి ఆదాయం లెక్కలో కులం గడి అసలే లేదు.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో 200 దాకా పలికింది. కాయ కోసిన అక్క కూలి ఆ నెల ఎన్ని రెట్లయింది? పుంగనూరు ఆవుకు లక్షలు పలుకుతా ఉండాయి, దాని పేడ ఎత్తే చేతికెంత? కుప్పంలో తెల్లారకముందే రైలెక్కి పోయే మన పిల్లోళ్ల చెమట బెంగుళూరు ఆదాయంలో చేరిపోతా ఉంది.

సంఘం కార్యకర్తలారా, వచ్చే సమావేశానికి ప్రతి వాడ నుంచీ మూడు లెక్కలు రాసుకొని రండి: ఎన్ని ఇళ్లకు భూమి ఉంది, మగకూలి ఎంత, ఆడకూలి ఎంత.