తోడు లేనిదే పెరుగు లేదు

శూన్యం అనగానే మనకు నెలాఖరు బియ్యం డబ్బా గుర్తుకొస్తుంది. ఎవరైనా “నా బతుకంతా శూన్యం” అంటే, పాపం ఏ కష్టం వచ్చిందో అని జాలిపడతాం. అందుకే అన్నీ శూన్యమేనని బౌద్ధులు అంటారని వింటే, “ఇల్లూ వాకిలీ, మొగుడూ పిల్లలూ ఉన్నవాళ్ళకి ఆ వేదాంతం ఎందుకులేమ్మా!” అని పక్కన పెట్టేస్తాం. నిజానికి ఆ మాట వంటింట్లో మసలేవాళ్ళకే తొందరగా బోధపడుతుంది.

ముందు ఇంటి సంగతే చూద్దాం. బుద్ధుడి ముఖ్యశిష్యుల్లో సారిపుత్తుడు ఒకరు. ఆయన చేసిన ఉపదేశం ఒకటి పాలీ భాషలో మజ్ఝిమనికాయంలో ఉంది. పేరు మహాహత్థిపదోపమ సుత్తం. కర్రలు, తీగలు, గడ్డి, మట్టి కలిసి కాస్త చోటును చుట్టుకుని ఉంటే దానికే ఇల్లని పేరు పెట్టుకున్నాం అంటారాయన. అలాగే ఎముకలు, నరాలు, మాంసం, చర్మం చుట్టుకున్న చోటు ఈ శరీరం. ఇందులో గట్టిగా ఉన్నది భూమి, తడిగా ఉన్నది నీరు, అన్నం అరిగించే వేడి నిప్పు, ఊపిరై కదిలేది గాలి. తలమీద ఉన్నంతసేపూ ‘నా జుట్టు’ అని మురిసిపోతాం. అదే వెంట్రుక అన్నంలో వస్తే కంచం పక్కకి నెట్టేస్తాం! వెంట్రుక మారలేదు, ‘నాది’ అన్న మాటే జారిపోయింది.

ఇక ఇంద్రియాలు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం – ఈ ఐదింటికీ మనసును కూడా కలిపి బౌద్ధులు ఆరు లెక్కవేస్తారు. స్టవ్ మీద పోపు మాడుతోంది. ముక్కు ఉంది, వాసనా ఉంది. కానీ మనసు సీరియల్‌లో ఉంటే? పొగ హాల్లోకి వచ్చేదాకా తెలియదు. ఇంద్రియం, దానికి తగిలే వస్తువు, అటు మళ్ళిన మనసు – మూడూ కలిస్తేనే ఏదైనా మనకు తెలుస్తుందని సారిపుత్తుడు చెప్పిందీ ఇదే. సుఖమైనా, దుఃఖమైనా ఆ కలయిక తర్వాతే.

ఎవరైనా మనల్ని ఒక మాట అంటే ఏం చేయాలో కూడా ఆయన అదే ఉపదేశంలో చెప్పారు. ఈ బాధ చెవికి మాట తగలడం వల్ల పుట్టింది, తగలడం నిలిచేది కాదు కాబట్టి బాధా నిలిచేది కాదు అని గమనించమన్నారు.

కొన్ని వందల ఏళ్ళ తర్వాత, క్రీ.శ. 2వ శతాబ్దం ప్రాంతంలో, ఆచార్య నాగార్జునుడు ఈ ఆలోచనను మూలమధ్యమకకారికలో చివరిదాకా తీసుకెళ్ళాడు. మన నాగార్జునకొండకు ఆ పేరు ఆయన వల్లే వచ్చిందని ప్రతీతి. ఇది మగవాళ్ళ గోష్ఠి మాత్రమే అనుకోకండి. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలంలో ఆ లోయలో మహాచైత్యాన్ని పూర్తి చేయించింది చాంతమూల మహారాజు తోబుట్టువు చాంతిసిరి అని అక్కడి శాసనాలే చెబుతున్నాయి.

నాగార్జునుడి లెక్కలో శూన్యం అంటే ఏమీ లేకపోవడం కాదు. ఏదీ తనంతట తానుగా లేదనడం. పెరుగునే తీసుకోండి. పాలు కావాలి, గోరువెచ్చదనం కావాలి, చెంచాడు తోడు కావాలి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. ఇవన్నీ తీసేసి “పెరుగు ఎక్కడుంది?” అని వెతికితే దొరకదు. అలాగని పెరుగు అబద్ధమా? పొద్దున్నే గిన్నెలో కమ్మగా కనిపిస్తూనే ఉంది కదా! పైగా పాలకు మారని స్వభావమంటూ ఉంటే అవి ఎప్పటికీ పాలుగానే ఉండేవి, తోడుకునేవే కావు. శూన్యం కాబట్టే మార్పు సాధ్యం.

కోపమూ అంతే. పదేళ్ళ కిందట పెళ్ళిలో ఆడపడుచు అన్న మాట ఆ రోజే గాలిలో కలిసిపోయింది. మరి ఇప్పటికీ గుండెలో ఎందుకు పులుస్తోంది? నిన్నటి పెరుగే ఇవాళ్టి పాలకు తోడవుతుంది. నిన్నటి కోపాన్ని ఒక చెంచాడు తీసి ఇవాళ్టి మాటలో మనమే కలుపుతున్నాం. ఆవిడ “కూరలో ఉప్పు తగ్గింది వదినా” అంటే మనకు పదేళ్ళనాటి మాటే వినిపిస్తుంది. ఆ తోడు వేయకపోతే ఉప్పు ఉప్పుగానే ఉంటుంది. కాస్త వేసుకుంటే సరి.

అయితే ఒక్క హెచ్చరిక. ఓర్పు అనగానే మనకు భూదేవిని చూపిస్తారు. మంచిని వేసినా చెడును వేసినా భూమి అసహ్యించుకోదు, అలా ఉండమని బుద్ధుడూ చెప్పాడు. కానీ ఎవరికి చెప్పాడో తెలుసా? తన కొడుకు రాహులుడికి! భూమిలాగే కాదు, నీటిలా, నిప్పులా, గాలిలా, ఆకాశంలా కూడా ఉండమన్నాడు. కాబట్టి ఓర్పు ఆడవాళ్ళకే రాసిపెట్టిన పాఠం కాదు, మన అబ్బాయిలకూ నేర్పాల్సిందే. ఇంట్లో చెయ్యి చేసుకునేవాళ్ళుంటే “అంతా శూన్యం” అనుకుంటూ పడి ఉండమనీ కాదు. కారణాల వల్ల జరిగేది కారణాలు మారిస్తే ఆగుతుంది. అయినవాళ్ళకి చెప్పాలి, అవసరమైతే చట్టం సాయమూ తీసుకోవాలి. మనసులో పగ పెట్టుకోకుండా కూడా ఆ పని చేయవచ్చు.

ఈ వారం ఒకటి చేసి చూడండి. ఏదైనా మాట చివుక్కుమనిపించగానే జవాబు ఇచ్చేముందు మూడు విడివిడిగా చూసుకోండి – చెవిన పడ్డ మాట ఎంత, అన్నవాళ్ళ అలసట ఎంత, మనం వేసిన పాత తోడు ఎంత? మూడోది మన చేతిలోనే ఉంది. ఆ చెంచా పక్కన పెట్టేయండి. పాలు పాలుగానే ఉంటాయి.