తొలి వాహనం – దూరపు దారి

కర్నూలు నుండి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం చేరడానికి సుమారు 180 కిలోమీటర్లు ప్రయాణించాలి. ఆత్మకూరు వరకు దారి మైదానంలో సాగుతుంది. ఆ తరువాత నల్లమల అడవి. దోర్నాల నుండి చివరి 50 కిలోమీటర్లలో ఎక్కువ భాగం కొండదారి. మలుపు వెనుక మలుపు, ఒక పక్క రాతిగోడ, మరొక పక్క లోయ. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల యువకులు మోటారు సైకిలు చేతికి రాగానే తలపెట్టే తొలి దూరప్రయాణం తరచుగా ఇదే. మల్లన్న దర్శనం ఒక కారణం, ఆ దారి మీది మోజు మరొక కారణం. ఇక్కడ పుట్టిన ఉత్సాహం కొందరిని హంపికి, మరికొందరిని లడఖ్ వరకు నడిపిస్తుంది.

అటువంటి ప్రయాణాల కోసం మొదటిసారి వాహనం కొనదలచినవాడు ఎవరిని సలహా అడిగినా ముందుగా వినిపించే మాట ‘ఎన్ని సీసీలు?’ అన్నదే. ఇంజను పెద్దదైతే దూరం చిన్నదవుతుందన్న నమ్మకం మన యువతరంలో బాగా పాతుకొనిపోయింది. ఈ నమ్మకంలో కొంత నిజం ఉంది. మిగిలినదంతా వ్యాపార ప్రకటనల పుణ్యం. నా అభిప్రాయంలో తొలి వాహనాన్ని ఎన్నుకొనేటప్పుడు ఇంజను పరిమాణం చివరగా చూడవలసిన అంశం. పడిపోతే ఒంటరిగా లేపగలమా, చెడిపోతే దోర్నాలలోనో ఆత్మకూరులోనో బాగుచేయించుకోగలమా అన్నవి ముందు తేల్చుకోవలసిన విషయాలు.

దారిని బట్టి ప్రయాణపు ఏర్పాట్లు చేసుకోవడం మన పూర్వులకు తెలియని విద్య కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకొని హైదరాబాదు మీదుగా ఉత్తరాదికి సాగిపోయాడు. పెద్ద పరివారంతో జరిగిన ఆ యాత్ర ముగిసేసరికి పదిహేను నెలలు గడిచాయి. ఆయన వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీలో నీళ్లు ఉన్నాయి, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అన్న వివరాలు అడుగడుగునా కనిపిస్తాయి. తాను ఎక్కిన వాహనం గొప్పతనం మీద కాక, దారిలో దొరికేవాటి మీద, దొరకనివాటి మీద ఆయన దృష్టి నిలిచింది. ఆ దృష్టి నేటి యాత్రికునికీ అవసరమే. బోయీల స్థానంలో పెట్రోలు బంకు, మెకానిక్ షెడ్డు వచ్చాయి, అంతే.

బరువు సంగతి ముందుగా చెప్పుకోవాలి. షోరూములో నిలబెట్టిన బండిని చూసి దాని బరువును ఎవరూ ఊహించలేరు. మన పల్లెల్లో పాలక్యాన్లూ ఎరువు బస్తాలూ మోసే హీరో స్ప్లెండర్ బరువు సుమారు 112 కిలోలు. అదే సంస్థ కఠినమైన దారుల కోసం తయారుచేసిన 200 సీసీ ఎక్స్‌పల్స్ 155 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి క్లాసిక్, హిమాలయన్ వంటివి 195 కిలోల చుట్టుపక్కల తూగుతాయి. సామాను, వెనుక కూర్చొనే మిత్రుడు అదనం. నున్నటి రోడ్డు మీద కదులుతున్నంతసేపు ఈ తేడా తెలియదు. ఇసుకలోనో, కంకరలోనో, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు వాన వెలిసిన నల్లరేగడిలోనో బండి ఒరిగినప్పుడు తెలుస్తుంది. రేగడి మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ముద్దగా పేరుకొని చక్రాన్ని తిరగనివ్వదు. అప్పుడు దిగి నెట్టవలసిందే. రెండు వందల కిలోల ఇనుమును మిట్టమధ్యాహ్నం, సాయానికి మరొక మనిషి లేనిచోట నెట్టవలసివచ్చినవానికి షోరూములో విన్న మాటలు ఒక్కటీ అక్కరకు రావు.

సీటు ఎత్తు కూడా ఇటువంటిదే. దూరప్రయాణాల బండ్లలో సీటు 800 మిల్లీమీటర్లు దాటడం మామూలు. పొట్టివారికి కాలి మునివేళ్లు మాత్రమే నేలకు ఆనుతాయి. అనుభవజ్ఞులు దానిని సర్దుకోగలరు. కొత్తవారు మాత్రం కొండమలుపులో బండి ఆగినప్పుడు పాదం మోపబోయి, అక్కడ నేల లోతుగా ఉంటే బండితోపాటు పక్కకు ఒరిగిపోతారు. కొనేముందు మన బూట్లతోనే కూర్చొని చూడాలి. వీలైతే ఏటవాలు నేల మీద కూర్చొని చూడాలి.

బలమైన యంత్రమే దూరం దాటిస్తుందన్న భ్రమకు ప్రపంచ చరిత్రలో ఒక చక్కని ఉదాహరణ ఉంది. 1952లో ఎర్నెస్టో చే గువేరా, అతని మిత్రుడు అల్బెర్టో గ్రనాడో అర్జెంటీనా నుండి 500 సీసీ నార్టన్ మోటారు సైకిలు మీద దక్షిణ అమెరికా యాత్రకు బయలుదేరారు. ఆ బండికి వారు పెట్టుకొన్న పేరుకు ‘మహాబలశాలి’ అని అర్థం. మోయలేనంత సామాను కట్టి, పలుమార్లు పడి లేచి, చిలీ చేరేసరికి ఆ బలశాలి పూర్తిగా చేతులెత్తేసింది. మిగిలిన యాత్ర కాలినడకన, లారీలలో, పడవలలో సాగింది. దీనికి భిన్నంగా లోయిస్ ప్రైస్ అనే ఆంగ్ల మహిళ 2003లో 225 సీసీ యమహా మీద అలాస్కా నుండి బయలుదేరి అర్జెంటీనా దక్షిణపు కొన వరకు వెళ్లింది. నేథన్ మిల్‌వర్డ్ అనే మరొకరు 2009లో ఆస్ట్రేలియా తపాలా బంట్రోతులు వాడే 105 సీసీ హోండా మీద సిడ్నీ నుండి లండన్ చేరుకొన్నాడు. వారు చేయగలిగారు కాబట్టి అందరూ చేయగలరని నా వాదం కాదు. దూరానికి అడ్డం వచ్చేది చిన్న ఇంజను కాదని మాత్రమే.

ఇక మరమ్మతు. 2020 ఏప్రిల్ నుండి మన దేశంలో అమ్మే కొత్త వాహనాలకు భారత్ స్టేజ్–6 ఉద్గార ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. దానితో మోటారు సైకిళ్లలో కార్బురేటరు కనుమరుగై, సెన్సర్లూ చిన్న కంప్యూటరూ లెక్కకట్టి ఇంధనం చిమ్మే పద్ధతి వచ్చింది. పొగ తగ్గింది కనుక ఆహ్వానించదగిన మార్పే. కాని చెట్టు కింద స్పానరుతో సర్వరోగాలూ నయం చేసిన పాత మెకానిక్కుకు ఈ కొత్త జబ్బులు అంతుపట్టవు. సెన్సరు చెడితే సంస్థ సర్వీసు కేంద్రానికి చేర్చవలసిందే. అందుచేత తాము తిరగబోయే ప్రాంతంలో ఏ సంస్థకు ఎక్కడెక్కడ సర్వీసు కేంద్రాలు ఉన్నాయో కొనకముందే విచారించుకోవాలి.

అలాగని అన్నీ కంప్యూటరు రోగాలే కావు. దారిలో తరచుగా ఇబ్బంది పెట్టేవి ఇప్పటికీ పంక్చరు, తెగిన క్లచ్ వైరు, వదులైన గొలుసు, అరిగిన బ్రేక్ షూలు. ఇవి ఎక్కువమంది వాడే బండివైతే చిన్న ఊళ్లోనూ దొరుకుతాయి. అరుదైన బండివైతే హైదరాబాదు నుండో బెంగళూరు నుండో రావాలి. అంతవరకు యాత్రికుడు లాడ్జిలో ఈగలు తోలుకోవాలి. సామాన్యమైన బండి అంటే చిన్నచూపు చూసేవారు ఈ ఒక్క సంగతి ఆలోచిస్తే చాలు. ట్యూబు లేని టైర్లయితే చిన్న పంక్చరును ఎవరికి వారే పట్టీ దూర్చి పూడ్చుకోవచ్చు. పుల్లల చక్రాలు గతుకులను బాగా తట్టుకొంటాయి కాని వాటిలో చాలావరకు ట్యూబులే ఉంటాయి. అడవిలో టైరు విప్పి ట్యూబు అతకడం ఇంటి దగ్గర ఒకసారైనా సాధన చేయనివాడు పుల్లల చక్రాల బండి కొనకపోవడం మేలు.

ఇంతవరకు చెప్పినదానికి గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. కర్నూలు నుండి కడప వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసల దారి. ఇటువంటి దారులలో, పెద్ద లారీల నడుమ, ఇద్దరిని మోస్తున్న 100 సీసీ బండి ఆయాసపడుతుంది. దాటవలసిన చోట వెంటనే దాటలేకపోవడం కూడా ప్రమాదమే. ఈ మాట నేను కాదనను. 2018లో హైదరాబాదు నుండి జై భారతితో సహా నలుగురు మహిళలు ‘రోడ్ టు మెకాంగ్’ పేరిట మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలు చుట్టి సుమారు 17 వేల కిలోమీటర్లు ప్రయాణించారు. వారు ఎక్కినవి బజాజ్ డోమినార్ 400 బండ్లు. అంత దూరానికి, అంతటి రహదారులకు అది తగిన ఎంపికే. అయితే ఆ యాత్ర వెనుక ఏళ్ల తరబడి నడిపిన అనుభవం, నెలల తరబడి సాగిన సన్నాహం ఉన్నాయి. అది వారి తొలి పాఠం కాదు. మొదటి బండి కొనేవానికి 150 నుండి 200 సీసీల మధ్య, 160 కిలోలు మించనిది సరిపోతుందని నా ఉద్దేశం. రహదారి మీద వెనుకబడిపోదు, రేగడిలో నడుము విరగగొట్టదు.

కొండ ఎక్కించే శక్తి గురించి అందరూ అడుగుతారు. దిగేటప్పుడు ఏమవుతుందని అడిగేవారు తక్కువ. శ్రీశైలం ఘాటులో గాని, కడప–రాయచోటి నడుమ గువ్వలచెరువు ఘాటులో గాని ఒక మలుపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. పెట్రోలు మిగులుతుందన్న ఆశతో ఇంజను ఆపేసి, బండిని న్యూట్రలులో జారవిడుస్తూ దిగేవారు కనిపిస్తారు. ఇది ప్రాణాంతకమైన పొదుపు. గేరులో ఉన్నప్పుడు ఇంజను తానే వేగాన్ని కొంత పట్టి ఉంచుతుంది. న్యూట్రలులో ఆ భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు కాగిపోయి, తీరా ఇరుకు మలుపు వచ్చేసరికి పట్టు కోల్పోతాయి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇందుకే పుట్టింది. గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని భౌతికశాస్త్రంలో చదువుకొంటారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని 80కి పెంచితే, బ్రేకు వేసిన తరువాత ఆగడానికి రెట్టింపు కాదు, నాలుగింతల దూరం కావాలి. ఘాటు మలుపులో అంత జాగా ఎక్కడిది?

ఈ కారణం వల్ల బ్రేకుల దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. 2019 ఏప్రిల్ నుండి మన దేశంలో 125 సీసీకి మించిన కొత్త ద్విచక్ర వాహనాలన్నింటికీ చక్రం బిగుసుకుపోకుండా కాచే ఏబీఎస్ ఏర్పాటు తప్పనిసరి అయింది. అంతకుముందు తయారైన పాత బండి తక్కువ ధరకు వస్తోందని తీసుకొనేవారు ఈ తేడా గుర్తించాలి. పాతదే కొనవలసివస్తే ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీలో ఉన్నవాటితో సరిపోయాయో లేదో, బీమా గడువు ఉందో లేదో చూడకుండా డబ్బు చేతికి ఇవ్వరాదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. మన ప్రాంతంలో చాలా ఇళ్లలో కొడుకు బండి అంటే తండ్రి అమ్మిన వేరుశనగ, మిరప. వాన మొగం చాటేసిన ఏడు అది అప్పు. ఇంటి స్తోమతకు మించిన బండి కొని, హెల్మెట్టు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్క దొరికే తేలిక టోపీతో సరిపెట్టుకొనేవారిని చూస్తే జాలి వేస్తుంది. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారు. హెల్మెట్టు లేక చనిపోయినవారే 50 వేలు దాటారు. వీరిలో సుమారు 14 వేల మంది వెనుక కూర్చొన్నవారు. బండిలో నలభై వేలు తగ్గించుకొని, ఆ సొమ్ములో కొంత ఐఎస్ఐ గుర్తు గల రెండు మంచి హెల్మెట్లకు, చేతి తొడుగులకు, గట్టి బూట్లకు, కొత్త టైర్లకు వెచ్చించినవాడు తెలివైన కొనుగోలుదారు.

ఈ పాఠం చదివే విద్యార్థుల్లో చాలామందికి ఇంకా పద్దెనిమిదేళ్లు నిండి ఉండవు. గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి చట్టం కోరే వయస్సు అది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆ బాలునికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. ‘ఊళ్లో ఎవరు అడుగుతారు?’ అన్న ధీమాతో ఒక్క సాయంత్రం తీసిన బండి, పోలీసు ఉద్యోగానికో సైన్యానికో వెళ్లదలచిన యువకుని ముందు ఏళ్ల తరబడి గోడలా నిలుస్తుంది. ఈ ఏడాది రెండేళ్లు వృథా అనుకోనక్కరలేదు. సైకిలు గొలుసు బిగించడం, పంక్చరు అతకడం, తెలిసిన మెకానిక్ షెడ్డులో ఆదివారాలు కూర్చొని క్లచ్ వైరు మార్చడం చూడడం – వీటికి లైసెన్సు అక్కరలేదు.

వయస్సు నిండి, లైసెన్సు చేతికి వచ్చినప్పుడు తొలి పరీక్షకు లడఖ్ వరకు పోనక్కరలేదు; శ్రీశైలమే చాలు. నల్లమల పులుల అభయారణ్యం కావడంతో రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు అడవి గేట్ల దగ్గర వాహనాలను ఆపివేస్తారు. చీకటిలో కొండదారి పట్టాలన్న సాహసానికి అక్కడ చోటు లేదు, అదీ మంచిదే. కర్నూలులో తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదరకముందే దోర్నాల చేరవచ్చు. పెట్రోలు అక్కడే చూసుకోవాలి. లోపల అడవిలో బంకు వెతుక్కోలేము. శిఖరేశ్వరం దగ్గర ఆగినప్పుడు బండిని గేరులో ఉంచి, చదునైన చోట నిలిపి, చేయి దగ్గరగా పెట్టి బ్రేకు డిస్కు ఎంత వేడెక్కిందో గమనించండి, ముట్టుకోవద్దు. సామాను సంచి మూతి గట్టిగా కట్టి ఉండాలి. అక్కడి కోతులు చాలా చురుకైనవి.