మొదటి రోజు అడగాల్సింది ప్యాకేజీ గురించి కాదు

ఉదయం ఏడున్నర. ఖాజాగూడ చౌరస్తాలో ఆఫీసుల రద్దీ ఇంకా పూర్తిగా మొదలుకాలేదు. మీ కారు నార్సింగి వైపు వెళ్తోంది. వెనక సీట్లో మీ అమ్మాయి కొత్త బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ రోజు ఇంజినీరింగ్ కాలేజీలో ఓరియంటేషన్. రాత్రి సరిగా నిద్రపోలేదని ఆమె కళ్లే చెబుతున్నాయి. సర్టిఫికెట్ల ఫైలు మాత్రం ఆమె దగ్గర లేదు. ముందు సీట్లో మీ దగ్గరే ఉంది.

ఆడిటోరియంలో రెండు గంటలు గడుస్తాయి. కాలేజీ ర్యాంకులు, వచ్చే కంపెనీలు, గత ఏడాది వచ్చిన పెద్ద ప్యాకేజీ తెర మీద మెరుస్తాయి. చివర్లో ప్రశ్నలడగమంటారు. బ్రాంచి మారొచ్చా? హాజరు ఎంత ఉండాలి? క్యాంపస్ సెలక్షన్లు ఏ ఏడాది నుంచి? తల్లిదండ్రులుగా మనం అడిగేవి దాదాపు ఇవే. ‘మా పిల్లకు ఒంట్లోనో మనసులోనో బాగాలేకపోతే ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్లాలి?’ అన్న ప్రశ్న వినిపించడం అరుదు. మొదటి రోజు అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

గంట ఆగిపోయిన రోజు

మన పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇంటర్ రెండేళ్లూ వాళ్ల రోజును వేరేవాళ్లే నడిపారు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఎన్నింటి దాకా చదవాలో గంట కొట్టి చెప్పారు. ఇంట్లో ఉండి చదివిన పిల్లలకు ఆ గంట పని మనమే చేశాం. ఇంజినీరింగ్‌లో చేరిన మర్నాటి నుంచి ఆ గంట మోగదు. నిద్ర, తిండి, డబ్బు, స్నేహాలు అన్నీ ఒక్కసారిగా వాళ్ల చేతికొస్తాయి. వాటిని నడుపుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

పైగా ఇది సున్నితమైన వయసు. మానసిక సమస్యల్లో నాలుగింట మూడు వంతులు 24 ఏళ్లలోపే మొదలవుతాయని అమెరికాలో 2005లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఈ వయసులో శరీర గడియారం కూడా వెనక్కి జరుగుతుంది. రాత్రి పొద్దుపోయేదాకా నిద్ర రాదు, ఉదయం ఏడింటికల్లా కాలేజీ బస్సు వచ్చేస్తుంది. 18 ఏళ్లవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఫోనుతో అందులో ఓ రెండు గంటలు పోతే, మర్నాడు టిఫిన్ పోతుంది. పగలు కునికిపాట్లు, చిరాకు వస్తాయి. దాన్ని మనం ‘కాలేజీకెళ్లాక మారిపోయింది’ అంటాం.

మన పక్కనే మొలకెత్తిన ఆలోచన

ఒక్క సభతో ఇదంతా సర్దుకోదని చదువుల పెద్దలకూ తెలుసు. అందుకే 2017లో ఏఐసీటీఈ ఇంజినీరింగ్ కాలేజీల కోసం మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమాన్ని రూపొందించింది. దానికి స్ఫూర్తినిచ్చిన మూడు ప్రయోగాల్లో ఒకటి ఖాజాగూడకు దగ్గర్లోనే, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో 2005 నుంచి నడుస్తున్న మానవ విలువల కోర్సు. మిగతా రెండూ గాంధీనగర్ ఐఐటీ ఫౌండేషన్ కార్యక్రమం, పలు ఐఐటీల్లోని కౌన్సెలింగ్ సేవ.

ఆ మూడు వారాల్లో మామూలు క్లాసులు ఉండకూడదు. ఆటలు, వ్యాయామం, ఏదో ఒక కళ, ఊళ్లోని ప్రదేశాల సందర్శన ఉండాలి. సుమారు 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు మెంటార్‌గా ఉండి, వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించాలి. ‘మూడు వారాల సిలబస్ పోతుంది కదండీ’ అనే తల్లిదండ్రులున్నారు. వాళ్ల బెంగ అర్థంచేసుకోదగ్గదే. ఫీజు కట్టింది చదువుకే కదా! కానీ పేరు పెట్టి పలకరించే ఒక మాస్టారు, పక్కన కూర్చునే ఇద్దరు స్నేహితులు లేని పిల్లకు ఆ మూడు వారాల సిలబస్ ఎంత ఎక్కుతుంది? మీ కాలేజీ ఇండక్షన్‌ను ఒక్క రోజు సభతో ముగిస్తుంటే, మిగతా రోజులేవని అడగండి.

ఇవీ అడగండి

కౌన్సెలర్ ఉన్నారా? ఏ గదిలో, ఏ వేళల్లో? విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలని చెప్పింది. కాబట్టి ఈ ప్రశ్న అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మరుగుదొడ్లు చూపిస్తారా? నవ్వకండి. కాలేజీలో బాత్‌రూమ్ బాగా లేదని పొద్దుట్నుంచీ నీళ్లు తాగకుండా ఉండే అమ్మాయిలు చాలామంది. మూత్రంలో ఇన్ఫెక్షన్లకు అదో దారి.

ఆస్తమా, ఫిట్స్, మధుమేహం ఉన్న పిల్లల సంగతి ఎవరికి చెప్పాలి? దాచిపెడితే అవసరమైన వేళ పక్కవాళ్లకు ఏం చేయాలో తెలియదు. మెంటార్‌కు, హాస్టల్ అయితే వార్డెన్‌కు, ఒక స్నేహితురాలికి తెలిసి ఉండాలి.

ర్యాగింగ్ ఫిర్యాదు ఎవరికి చేయాలి? మన దగ్గర దాన్ని నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం పిల్లలతోపాటు మీరూ హామీపత్రం ఇస్తారు. సంతకం పెట్టేముందు అందులో ఏముందో ఇద్దరూ చదవండి. 1800-180-5522 నంబరును పిల్లల ఫోనులో వేయించండి.

ఇక ఫైలు ఇచ్చేయండి

అడగాల్సినవి అడిగాక మనం చేయాల్సిన కష్టమైన పని ఇంకొకటుంది. పక్కకు తప్పుకోవడం. కౌంటర్ దగ్గర ఫారం ఆమెనే నింపనివ్వండి. తప్పు రాస్తే మళ్లీ రాస్తుంది. ఏ గది ఎక్కడో ఆమెనే కనుక్కోనివ్వండి. రేపు జ్వరమొస్తే డిస్పెన్సరీకి, మనసు బాగాలేకపోతే కౌన్సెలర్ దగ్గరికి ఒంటరిగా నడిచి వెళ్లాల్సింది ఆమే. ఆ నడక ఇవాళే అలవాటు కావాలి. రేపు ఆమె కౌన్సెలర్‌ను కలిస్తే, ‘మా అమ్మాయి ఏం చెప్పింది?’ అని ఫోన్ చేయకండి. చెప్పిన మాట ఇంటికి చేరుతుందని తెలిస్తే ఇంకోసారి నోరు విప్పదు.

మొదటి కొన్ని వారాలు బెంగ, ఒంటరితనం మామూలే. కానీ రెండు వారాలు దాటినా రోజూ దిగులుగా ఉండటం, నిద్రా తిండీ తప్పడం, క్లాసులు ఎగ్గొట్టడం కనిపిస్తే డాక్టరును కలవండి. బతకాలని లేదన్న మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ నంబరు 14416. ఉచితం. 24 గంటలూ, తెలుగులోనూ మాట్లాడతారు.

సాయంత్రం ఇంటికొచ్చాక ‘ఏం చెప్పారు, ఎంత ప్యాకేజీ అట?’ అని మొదలుపెట్టకండి. భోజనం ఎక్కడ చేశావు, ఎవరితో కూర్చున్నావు అని అడిగి ఊరుకోండి. తర్వాత మాట ఆమెనే మాట్లాడనివ్వండి. వచ్చే ఆదివారం పొద్దున్నే ఖాజాగూడ గుట్టల వైపు ఇద్దరూ నడకకు వెళ్లండి. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన నడిస్తే వస్తాయి. సర్టిఫికెట్ల ఫైలును మాత్రం ఇవాళే ఆమె బల్ల మీద పెట్టేయండి. ఇకపై అది ఆమెదే.